బెర్గమో కొండ రైలు: కింది ఊరి నుంచి శాన్ విజీలియో కొన దాకా వెళ్ళి రావడం ఎలా

ఇటలీలో మిలాన్ వచ్చే మనవాళ్ళు ఎక్కువగా డుయోమో అనే పెద్ద చర్చి చూస్తారు, ఒకరోజు కోమో సరస్సుకి వెళ్తారు, ఆ మర్నాడు వెనిస్ రైలెక్కేస్తారు. బెర్గమో పేరు చాలామందికి తెలిసేది ఎయిర్‌పోర్టు వల్లే. చౌక విమానాలు దిగేది అక్కడే కాబట్టి దిగి, బస్సెక్కి నేరుగా మిలాన్ వెళ్ళిపోతారు. ఆ ఎయిర్‌పోర్టు నుంచి 5 కిలోమీటర్ల దూరంలో, కొండ మీద, చుట్టూ రాతి కోటగోడతో ఒక పాత ఊరు ఉంది. దాని మీదికి 1887 నుంచీ తాడు లాగే రైలు నడుస్తోంది. ఆ పైన ఇంకో కొండ, దానికి ఇంకో రైలు. ఈ రెండో రైలు గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే వచ్చినవాళ్ళలో చాలామంది మొదటి రైలెక్కి, పాత ఊరు తిరిగి, ఐస్‌క్రీమ్ తిని, అసలు దృశ్యం చూడకుండానే దిగిపోతున్నారు.

నేను మిలాన్‌లో ఉంటాను. బెర్గమోకి ఒక్కణ్ణే వెళ్ళాను, స్నేహితులతో వెళ్ళాను, అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళనీ తీసుకెళ్ళాను. కింద రాసినవన్నీ ఆ తిరుగుళ్ళలో తెలిసినవే.

ముందు ఊరి లెక్క అర్థం చేసుకోండి

బెర్గమో మూడు అంతస్తుల ఊరు అనుకోండి. అన్నిటికంటే కింద ఉన్నది చిత్తా బస్సా, అంటే కింది ఊరు. రైల్వే స్టేషను, ఆఫీసులు, షాపులు, ట్రాఫిక్ అంతా ఇక్కడే. దాని పైన చిత్తా ఆల్తా, అంటే పై ఊరు. చర్చిలు, గోపురాలు, ఇరుకు వీధులు, చుట్టూ వెనిస్ వాళ్ళు కట్టిన గోడ. ఆ పైన, పడమటి వైపు, శాన్ విజీలియో కొండ. ఇది సముద్రమట్టం నుంచి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దీని కొన మీద ఒక పాత కోట ఉంది.

మొదటి ఫ్యునిక్యులర్, అంటే తాడు లాగే రైలు, కింది ఊరి నుంచి పై ఊరికి తీసుకెళ్తుంది. రెండోది పై ఊరి పడమటి దర్వాజా దగ్గర మొదలై శాన్ విజీలియో కొండెక్కుతుంది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండవు, మధ్యలో పై ఊరంతా అడ్డంగా నడవాలి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే: మొదటి రైలు దిగగానే రెండోది పక్కనే ఉంటుందనుకుంటారు, కనిపించదు, ఇక లేదనుకుని వదిలేస్తారు.

బోర్డుల మీద వెతకాల్సిన పదం "ఫునికొలారే". లాటిన్‌లో సన్నని తాడు అనే మాట నుంచి వచ్చిందట ఈ పేరు. కేబుల్ కారు అని అడిగితే స్థానికులు అయోమయంగా చూస్తారు, ఎందుకంటే గాలిలో వేలాడే రోప్‌వే వేరు, ఇది వేరు. విశాఖలో కైలాసగిరికి వెళ్ళే రోప్‌వే లాంటిది కాదు. ఇది నేల మీద పట్టాల మీదే నడుస్తుంది, ఇంజను మాత్రం పెట్టెలో ఉండదు, పైన స్టేషనులో ఉన్న మోటారు ఉక్కు తాడుతో లాగుతుంది. పళని వెళ్ళినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. అమ్మ పెట్టెలో కూర్చుని అది కదలగానే "ఇది మన పళని వించే కదరా" అంది. నిజంగా అదే.

ఎప్పుడు వెళ్ళాలి

దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను. టికెట్టు, దారి ఎలాగైనా దొరుకుతాయి, వెలుతురు మాత్రం దొరకదు.

శాన్ విజీలియో పై ఊరికి పడమటి వైపున ఉంది కదా, అంటే మీరు పైన నిలబడి పాత ఊరిని చూస్తున్నప్పుడు మీ చూపు తూర్పు వైపు ఉంటుంది. పొద్దున్నే వెళితే సూర్యుడు సరిగ్గా ఎదురుగా కళ్ళలో కొడతాడు, గోపురాలన్నీ నల్లగా, అట్టముక్కలు కత్తిరించి పెట్టినట్టు కనిపిస్తాయి, ఫోటోలూ బాగా రావు. సాయంత్రం వెళితే ఎండ మీ వీపు వెనక నుంచి వెళ్ళి ఊరి మీద పడుతుంది, పెంకుల కప్పులు, రాతి గోడలు, చర్చి గుమ్మటాలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలతాయి. కాబట్టి సూర్యాస్తమయానికి గంటన్నర ముందు పైన ఉండేలా ప్లాన్ చేసుకోండి. జూన్‌లో సూర్యుడు రాత్రి 9 దాటాక గానీ దిగడు, డిసెంబరులో సాయంత్రం 5 కాకముందే చీకటి పడిపోతుంది, కాబట్టి వెళ్ళే రోజు అస్తమయం ఎన్నింటికో ఫోనులో చూసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకోండి.

రెండో సంగతి పొగమంచు. బెర్గమో కింద పరుచుకున్నది పో నది మైదానం. నవంబరు నుంచి జనవరి దాకా ఆ మైదానం మీద పొగమంచు రోజుల తరబడి కదలకుండా కూర్చుంటుంది. నేను మొదటిసారి వెళ్ళింది ఒక నవంబరు శనివారం. రెండు రైళ్ళూ ఎక్కి, కోట దాకా నడిచి, అక్కడి గోడకి ఆనుకుని నిలబడితే నా ముందు తెల్లటి దుప్పటి తప్ప ఏమీ లేదు, చర్చి గంట మోగితే ఎటు నుంచి మోగుతోందో కూడా తెలియలేదు. ఆ రోజు వచ్చిన నిరాశ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచీ బయల్దేరే ముందు బెర్గమో వెబ్‌క్యామ్ ఒకటి తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

అలాగని చలికాలం వద్దని కాదు. ఉత్తరం నుంచి ఆల్ప్స్ దాటి పొడిగాలి వీచిన మర్నాడు ఆకాశం అద్దంలా ఉంటుంది, ఆ రోజు దొరికితే ఏడాది మొత్తంలో అంతకంటే మంచి దృశ్యం ఉండదు. పడమటి దిక్కున మంచుతో మెరిసే మోంతె రోజా పర్వతం కనిపిస్తుంది, నైరుతి దిక్కున మైదానం చివర మిలాన్ ఆకాశహర్మ్యాలు పుల్లల్లా నిలబడి ఉంటాయి. ఒక్కోసారి పొగమంచు కిందే ఆగిపోయి శాన్ విజీలియో దానికి పైన తేలుతుంది, అప్పుడు కింది ఊరు మాయమై పై ఊరి గోపురాలు మాత్రం తెల్లటి నీళ్ళలో నిలబడినట్టు ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో పగటి పూట వేడికి మైదానమంతా మసకబారి ఉంటుంది. ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు నాకు నచ్చిన నెలలు.

వారాల్లో అయితే మంగళ, బుధ, గురు. శని, ఆదివారాల సాయంత్రాలు ఇటాలియన్ కుటుంబాలే పెద్ద సంఖ్యలో వస్తాయి, చిన్న రైలుకి లైను పెద్దదవుతుంది.

అడుగు 1: బెర్గమో చేరడం

మిలాన్ సెంట్రాలె స్టేషను నుంచి ట్రేనోర్డ్ రైలు దాదాపు 50 నిమిషాల్లో బెర్గమోలో దింపుతుంది. సీటు రిజర్వేషను అక్కర్లేదు. కాగితం టికెట్టు తీసుకుంటే ప్లాట్‌ఫారం మీద ఉండే చిన్న మిషన్లో దూర్చి ముద్ర వేయించుకున్నాకే రైలెక్కండి. డబ్బు కట్టి టికెట్టు కొన్నా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు, మన దగ్గర ఈ పద్ధతి లేదు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు దొరికిపోయేది దీనితోనే.

విమానం దిగి నేరుగా వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్టు బయటే సిటీ బస్సు ఉంది, 1 నంబరు. రైల్వే స్టేషను మీదుగా పై ఊరి వైపు వెళ్తుంది. ఎక్కువ గంటలు ఖాళీ ఉన్న ట్రాన్సిట్ వాళ్ళకి ఇది చక్కటి అవకాశం. పెద్ద సూట్‌కేసుతో మాత్రం కొండెక్కకండి, పైన వీధులన్నీ గులకరాళ్ళ పరుపు, చక్రాలు కదలవు, లగేజీ కింద ఎక్కడైనా పెట్టేసి రండి.

అడుగు 2: టికెట్టు

ఫ్యునిక్యులర్‌కి ప్రత్యేకమైన టూరిస్టు టికెట్టు ఏమీ లేదు. సిటీ బస్సులు నడిపే ఏటీబీ సంస్థే ఈ రెండు రైళ్ళనీ నడుపుతుంది, మామూలు సిటీ బస్సు టికెట్టే వీటికీ చెల్లుతుంది. ఇది ఊరివాళ్ళకి రోజువారీ బస్సు లాంటిది, బడిపిల్లలు బ్యాగులతో, పెద్దావిడలు కూరగాయల సంచులతో ఎక్కుతుంటారు.

సింగిల్ టికెట్టు మీద నిమిషాల గడువు ఉంటుంది, ముద్ర పడ్డ క్షణం నుంచి ఆ గడువు లోపల బస్సూ రైలూ మారవచ్చు. స్టేషను నుంచి బస్సెక్కి, మొదటి రైలెక్కి, దారిలో ఎక్కడా ఆగకుండా నడిచి రెండో రైలెక్కితే ఒక్క టికెట్టుతో కొన దాకా వెళ్ళిపోవచ్చు. కానీ ఎవరూ ఆగకుండా ఉండలేరు. రాను, పోను కలిపితే సింగిల్ టికెట్లు మూడో నాలుగో అవుతాయి, అందుకే రోజంతా చెల్లే టికెట్టు తీసుకోవడం మంచిది. నేను ఒకసారి గడువు చూసుకోకుండా శాన్ విజీలియో పైన కూర్చుండిపోయి, దిగేటప్పుడు గేటు దగ్గర టికెట్టు పనిచేయక, వెనక లైనులో జనం నిలబడి ఉంటే మళ్ళీ కొనడానికి తంటాలు పడ్డాను. రోజు టికెట్టు ఉంటే ఆ టెన్షన్ లేదు. స్టేషను దగ్గర కియోస్కులో, పొగాకు దుకాణాల్లో, ఫ్యునిక్యులర్ స్టేషను మిషన్లలో, ఏటీబీ యాప్‌లో దొరుకుతుంది. పొగాకు దుకాణం అంటే నల్లటి లేదా నీలం బోర్డు మీద పెద్ద "టీ" అక్షరం ఉన్న కొట్టు.

ఇంకో మాట. తాడుతో నడిచే బండ్లకి తనిఖీలు కఠినంగా ఉంటాయి, అందుకని అప్పుడప్పుడు కొన్ని రోజుల పాటు ఒకటో రెండోదో ఆపేసి బస్సు తిప్పుతారు. బయల్దేరే ముందు రోజు ఏటీబీ సైటు ఒకసారి చూసుకోండి.

అడుగు 3: మొదటి రైలు

రైల్వే స్టేషను నుంచి ఎదురుగా ఒకటే తిన్నటి రోడ్డు, కొండని చూస్తూ నడిచేయడమే. పోర్తా నువోవా అనే కూడలి దాటాక, అదే రోడ్డు వియాలె విత్తోరియో ఎమనుయెలె అనే పేరుతో పైకి వాలుగా వెళ్తుంది, దాని మీదే ఎడమవైపు కింది స్టేషను. ఇరవై, పాతిక నిమిషాల నడక. నడవలేకపోతే 1 నంబరు బస్సు సరిగ్గా దాని ముందే ఆపుతుంది.

ట్రాకు పొడవు 240 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఎక్కే ఎత్తు 85 మీటర్లు, అత్యంత నిటారుగా ఉన్న చోట వాలు 52 శాతం. అంటే వంద మీటర్లు ముందుకు వెళ్ళేసరికి 52 మీటర్లు పైకి లేస్తుందన్నమాట. 1887లో దీన్ని కట్టింది అలెస్సాంద్రో ఫెర్రెత్తి అనే ఇంజనీరు. అప్పట్లో ఆవిరి యంత్రం లాగేది, తర్వాత కరెంటుకి మార్చారు. మామూలుగా ఇలాంటి రైళ్ళలో తాడుకి రెండు కొసల్లో రెండు పెట్టెలు కట్టి, ఒకటి దిగుతుంటే దాని బరువుతో రెండోది ఎక్కేలా చేస్తారు, బావి గిలకకి రెండు బొక్కెనలు కట్టినట్టు. ఇక్కడ మాత్రం రెండు పెట్టెలకీ పక్కపక్కనే వేరువేరు ట్రాకులు, దేని దారి దానిదే, కాబట్టి ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది.

ఎక్కడ నిలబడాలి? పెట్టెలో కొండవైపు కాదు, కిందివైపు అద్దం దగ్గర. అందరూ రైలు వెళ్ళే దిక్కుకే పరిగెడతారు, అటు కనిపించేది పట్టాలూ గోడే. మీరు వెనక అద్దం దగ్గరికి వెళ్ళండి. తలుపులు మూసుకున్నాక చిన్న కుదుపు, ఆ తర్వాత పెద్ద శబ్దం ఉండదు. కిందకి చూస్తే పట్టాల మధ్యలో బొటనవేలంత లావు ఉక్కు తాడు, గ్రీజు రాసి నల్లగా మెరుస్తూ, చిన్న చిన్న చక్రాల మీద దొర్లుతూ ఉంటుంది, ఒక్కో చక్రం మీదికి రాగానే సన్నగా టకటకమంటుంది. ఆ వెనకే కింది ఊరి రోడ్డు, తర్వాత చెట్ల కొనలు, తర్వాత ఇళ్ళ కప్పులు, తర్వాత మైదానం మొత్తం లేచి వస్తుంది. మధ్యలో వెనిస్ గోడ కింద నుంచి దూరుతుంది, ఒక్క క్షణం చీకటి, రాళ్ళ చల్లదనం తగులుతుంది, బయటికొచ్చేసరికి పై ఊళ్ళో ఉంటారు. మొత్తం రెండు, మూడు నిమిషాలు. వీడియో తీస్తూ కూర్చుంటే అయిపోతుంది, ఎక్కేటప్పుడు కళ్ళతో చూడండి, దిగేటప్పుడు వీడియో తీసుకోవచ్చు.

అడుగు 4: పై ఊరు దాటడం

దిగేది పియాజ్జా మెర్కాతో దెల్లె స్కార్పె అనే చిన్న కూడలిలో. తెలుగులో చెప్పాలంటే చెప్పుల బజారు. ఇక్కడి నుంచి రెండో రైలుకి ఆగకుండా నడిస్తే పదిహేను, ఇరవై నిమిషాలు, కానీ రెండు, మూడు గంటలు పెట్టుకోండి. దారి తప్పే ప్రశ్నే లేదు: గొంబితో వీధి పట్టుకుని పైకి, అది పాత కూడలిలోకి తీసుకెళ్తుంది, కూడలి దాటాక కొల్లెయోని వీధి, దాని చివర కోట ప్రాంగణం, అందులోంచి బయటికొస్తే కొల్లె ఆపెర్తో అనే విశాలమైన చోటు, పక్కనే శాంత్ అలెస్సాంద్రో దర్వాజా.

కాళ్ళకి మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. మా నాన్నగారు కొత్త లెదరు చెప్పులతో వచ్చి గొంబితో వీధి సగంలోనే కూర్చుండిపోయారు, గుండ్రటి రాళ్ళు అరికాలిలోకి గుచ్చుకుంటాయి, వాన పడితే జారతాయి.

పాత కూడలి పేరు పియాజ్జా వెక్కియా. మధ్యలో తెల్లటి పాలరాతి ఫౌంటెన్, 1780లో వెనిస్ తరఫున ఇక్కడ అధికారిగా ఉన్న అల్విసె కొంతరీని ఊరికి ఇచ్చింది. ఒక పక్క 12వ శతాబ్దంలో మొదలైన పాలాజ్జో దెల్లా రజోనె అనే పాత నగర సభా భవనం, దాని పక్కన కంపనోనె అనే గంట గోపురం, ఎత్తు 50 మీటర్ల పైనే. ఈ గోపురం పైకి లిఫ్టు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఊరిని నడిమధ్య నుంచి, కప్పుల మీదుగా చూడొచ్చు.

ఆ సభా భవనం తోరణాల కింద నుంచి అవతలికి వెళితే శాంత మరియా మజ్జోరె చర్చి, దాన్ని ఆనుకుని కొల్లెయోని చాపెల్. కొల్లెయోని వెనిస్ సైన్యాధిపతి, తన సమాధి కోసం 1470లలో కట్టించుకున్నాడు, ముందు గోడంతా గులాబీ, తెలుపు రాళ్ళ చెక్కుడు. చర్చి లోపల సంగీతకారుడు గయెతానో దొనిజెత్తి సమాధి ఉంది, ఆయన ఈ ఊళ్ళోనే 1797లో పుట్టాడు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి వీటిని ముందే చూసేయండి.

తిండి సంగతి. ఇక్కడి ప్రత్యేకం పొలెంతా. మొక్కజొన్న పిండిని కట్టె గరిటెతో తిప్పి తిప్పి ఉడికించేది. మన సంకటే, రాగికి బదులు మొక్కజొన్న, పులుసుకి బదులు చీజు. అందులో బుక్‌వీట్ పిండి, చీజు, వెన్న కలిపి చేసేది పొలెంతా తరాన్యా, ఇది శాకాహారులకి పనికొస్తుంది. కజొన్‌చెల్లి అనే మడత పాస్తా బాగా పేరున్నది, కానీ లోపల మాంసం ఉంటుంది, పైన పంది మాంసం ముక్కలు వేస్తారు. మాంసం తిననివాళ్ళు స్కార్పినోక్ అడగండి, అదే తరహా మడత, లోపల చీజు కూరి, వెన్న, సేజ్ ఆకుతో ఇస్తారు. మిఠాయి కొట్ల అద్దాల్లో పసుపురంగు గుమ్మటాల మీద చిన్న చాక్లెట్ పిట్టలు కూర్చున్న కేకు కనిపిస్తుంది, పొలెంతా ఎ ఒజేయి అంటారు, పేరులో పొలెంతా ఉన్నా అది తీపి కేకు. బాగా తియ్యగా ఉంటుంది, నలుగురికి ఒకటి చాలు. ఇక స్ట్రాచ్చతెల్లా ఐస్‌క్రీమ్, అంటే పాల ఐస్‌క్రీమ్‌లో సన్నటి చాక్లెట్ పలుకులు వేసేది, పుట్టింది ఈ ఊళ్ళోనే, 1961లో, కొల్లె ఆపెర్తో పక్కన ఉన్న లా మరియాన్నా అనే కొట్టులో. రెండో రైలుకి దారిలోనే ఉంది కాబట్టి కోను చేతిలో పట్టుకుని కోటగోడ మీద కూర్చోండి.

అడుగు 5: గోడ

ఆ గోడ మీద పది నిమిషాలు ఆగమంటాను. బెర్గమో 1428 నుంచి 1797 దాకా వెనిస్ పాలనలో ఉంది. వెనిస్ రాజ్యానికి ఇది పడమటి సరిహద్దు, అవతల మిలాన్ స్పానిష్ వాళ్ళ చేతిలో. ఫిరంగులు తట్టుకునే గోడ కావాలని 1561లో పని మొదలుపెట్టి, అడ్డొచ్చిన వందల ఇళ్ళనీ, ఒక పెద్ద చర్చినీ కూడా కూల్చి, చుట్టూ సుమారు 6 కిలోమీటర్ల గోడ కట్టారు. ఇంతా చేస్తే దీని మీద పెద్ద ముట్టడి ఎప్పుడూ జరగలేదు, అందుకే ఇంత చెక్కుచెదరకుండా ఉంది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నాలుగు దర్వాజాలున్నాయి, వాటి మీద రెక్కల సింహం చిహ్నం వెతకండి, అది వెనిస్ గుర్తు.

రెండో రైలు ఎక్కే టైము లేనివాళ్ళు శాన్ జాకొమో దర్వాజా దగ్గర నుంచి శాంత్ అగొస్తీనో దర్వాజా వైపు గోడ వెంబడి నడవండి, చెట్ల నీడ, బెంచీలు, కింద కింది ఊరంతా. డబ్బు అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు.

అడుగు 6: రెండో రైలు, అసలు దృశ్యం

శాంత్ అలెస్సాంద్రో దర్వాజా దాటగానే శాన్ విజీలియో రైలు స్టేషను. చిన్నది, తల వంచుకుని నడిస్తే దాటిపోతారు. 1912లో మొదలైంది, 1976లో మూసేశారు, పదిహేనేళ్ళు అలాగే పడి ఉంది, 1991లో మళ్ళీ తెరిచారు. ట్రాకు 600 మీటర్ల పైన, ఎత్తు 90 మీటర్లే, కాబట్టి మొదటిదాని కంటే చాలా మెల్లటి వాలు. పైకీ కిందికీ ఒకటే పెట్టె తిరుగుతుంది. తప్పిపోతే అది వెళ్ళి వచ్చేదాకా ఆగాల్సిందే, అందుకే సాయంత్రం లైను కనిపిస్తే భయపడి వెనక్కి తిరగకండి, రెండు ట్రిప్పుల్లో మీ వంతు వస్తుంది. మొదటి రైలు కంటే ఇది పొద్దున్న ఆలస్యంగా మొదలవుతుంది, స్టేషను గోడ మీద టైముల పట్టిక ఉంటుంది, ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో అక్కడే ఫోటో తీసుకోండి.

ఇందులోనూ కిందివైపు అద్దమే. పెరటి తోటల పక్క నుంచి వెళ్తుంది, గోడల మీద వేలాడే పూల తీగలు, ఆరేసిన బట్టలు, ఆలివ్ చెట్లు, వాటి సందుల్లోంచి పాత ఊరు కొంచెం కొంచెంగా బయటపడుతుంది.

దిగాక ఆగిపోకండి. స్టేషను దగ్గరే హోటళ్ళ ముందు నుంచి దృశ్యం బాగానే ఉంటుంది, చాలామంది అక్కడే ఫోటోలు తీసుకుని తిరిగి ఎక్కేస్తారు. బోర్డు చూసి ఇంకా పైకి, ఐదారు నిమిషాలు ఎత్తుగా నడిస్తే కోట వస్తుంది. ఇప్పుడది పార్కు, లోపలికి ఉచితం. గుండ్రటి బురుజుల మధ్య గడ్డి మైదానం, చుట్టూ తిరిగితే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. ఉత్తరాన వరుస వెనక వరుసగా కొండలు, వాటి వెనక ఆల్ప్స్. దక్షిణాన చదునైన మైదానం. తూర్పు వైపుకి తిరిగి నిలబడితే కాళ్ళ కింద పై ఊరు మొత్తం అరచేతిలో పెట్టుకున్నట్టు: మీరు ఇందాక నడిచిన వీధి ఒక గీత, లిఫ్టెక్కిన గంట గోపురం వేలెడంత, చర్చి గుమ్మటాలు, ఆ అంచున గోడ ఒంపు తిరిగిన తీరు. గోడ ఆకారం ఇక్కణ్ణుంచి చూస్తే గానీ అర్థం కాదు.

2020 మార్చిలో, కోవిడ్ మొదలైన రోజుల్లో, ఈ ఊరి పేరు మనందరం టీవీలో విన్నాం, రాత్రిపూట సైన్యం ట్రక్కులు శవపేటికలు మోసుకెళ్ళిన ఊరు ఇదే. అమ్మకి ఆ సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, కింద వెలుగుతున్న దీపాల్ని చూస్తూ నిలబడింది. ఎండ తగ్గేకొద్దీ ముందు కింది ఊళ్ళో దీపాలు వెలుగుతాయి, తర్వాత పై ఊరి గోడలకి పసుపు దీపాలు వేస్తారు. ఆ అరగంట కోసమే ఇంత ఎత్తు ఎక్కడం, సూర్యుడు మునగగానే జనం దిగిపోతారు, మీరు ఉండండి. వేసవిలోనైనా పైన గాలి చల్లగా కొడుతుంది, పల్చటి స్వెటరో శాలువానో సంచిలో పెట్టుకోండి.

అడుగు 7: దిగడం

కాళ్ళు సరిగ్గా ఉన్నవాళ్ళు, ఇంకా వెలుతురు ఉంటే, రైలుకి బదులు స్కొర్లజ్జోనె అనే రాతి మెట్ల దారిలో దిగండి. తోట గోడల మధ్య ఇరుకుగా, నిటారుగా దిగి బోర్గో కనాలె వీధి వైపు తేలుతుంది. దొనిజెత్తి పుట్టిన ఇల్లు ఆ వీధిలోనే ఉంది. అక్కణ్ణుంచి శాంత్ అలెస్సాంద్రో దర్వాజాకి కొద్ది దూరమే. వాన పడినా, చీకటి పడినా ఈ దారి వద్దు, నాచు పట్టిన మెట్లు జారతాయి. పెద్దవాళ్ళతో ఉంటే రైల్లోనే దిగండి, కొల్లె ఆపెర్తో దగ్గర 1 నంబరు బస్సు దొరుకుతుంది, పై ఊరంతా మళ్ళీ నడవక్కర్లేకుండా కింద రైల్వే స్టేషను దాకా దింపేస్తుంది.

రాత్రి ఉండగలిగితే 10 గంటలకి పాత కూడలిలో ఉండేలా చూసుకోండి. కంపనోనె గంట వంద సార్లు మోగుతుంది. కోట దర్వాజాలు మూసే వేళ అయిందని చెప్పడానికి ఒకప్పుడు మోగించేవారు, దర్వాజాలు ఇప్పుడు మూయకపోయినా గంట మాత్రం ఆగలేదు. మేము ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాం, నాన్న నలభై దగ్గర తప్పారు, అమ్మ చివరిదాకా లెక్కపెట్టింది. అయిపోగానే గొంబితో వీధి దిగి మొదటి ఫ్యునిక్యులర్ ఎక్కితే పెట్టెలో మీరూ, ఇద్దరో ముగ్గురో ఊరివాళ్ళూ ఉంటారు, ఈసారి కిందివైపు అద్దమే రైలు వెళ్ళే దిక్కు, దీపాల్లోకి దిగుతున్నట్టు ఉంటుంది. మిలాన్ వెళ్ళే ఆఖరి రైలు ఎన్నింటికో మాత్రం పొద్దున్న స్టేషనులో దిగినప్పుడే చూసి పెట్టుకోండి, ఫ్యునిక్యులర్ నుంచి స్టేషనుకి నడిచే పాతిక నిమిషాలు అందులోంచి తీసేసి.